గాలికి వీపు పెట్టి

"తలుపెయ్యవే నాంచారీ, గాలొత్తంది."

"ఏసే ఉందమ్మా. పడుకో."

మా అమ్మా నేనూ ఆఖరుసారి అనుకున్న మాటలు ఇవే. తలుపు వేసి లేదు. బార్లా తీసి, కదలకుండా ఇటుకరాయి అడ్డం పెట్టి ఉంది. కిటికీ రెక్కలు రెండూ తాళ్ళతో వెనక్కి కట్టేసి ఉన్నాయి. అమ్మకి అప్పటికి చూపు ఆనడం లేదు గాని ఒంటికి గాలి తెలుస్తూనే ఉంది. మంచు కురిసే నెలలో మా బందరు గాలి ఉప్పునీళ్ళలో తడిపిన గుడ్డ మొహం మీద వేసినట్టు ఉంటుంది. ఏసే ఉందన్నాను, ఆవిడ నమ్మింది, దుప్పటి గడ్డం దాకా లాక్కుంది. మళ్ళీ మాట్లాడలేదు.

రాశావా సునీతా? రాయి. నాకు సంతకం చెయ్యడం, బస్సు మీద ఊరిపేరు పోల్చుకోవడం తప్ప అక్షరం రాదు. ఇది రాస్తున్నది మా కోడలు. గుడివాడ పిల్ల, అక్కడే ఆస్పత్రిలో నర్సు. కాన్పుకి సెలవు పెట్టి, పుట్టింటి నుంచి పాపని తీసుకుని ఈమధ్యే మా ఇంటికి వచ్చింది. పాపకి ఇంకా మెడ నిలబడలేదు. వాయుగుండం అని టీవీలో చెబుతున్నారు, రేవులో ప్రమాదం జెండా ఎగరేశారు, మా అబ్బాయి పడవని లోపలి కాలవలో కట్టుకోవడానికి వెళ్ళాడు. పాపని చూడ్డానికి వచ్చిన చుట్టాల్లో ఒకావిడ ఖళ్ళు ఖళ్ళుమని దగ్గుతూనే దాన్ని ఎత్తుకుని బుగ్గ మీద ముద్దుపెట్టి పోయింది. పొద్దుటి నుంచి పాప ముక్కు కారుతోంది. పాలు కొంచెం తాగి వదిలేస్తోంది.

నేను కిటికీ మూస్తున్నాను, మా కోడలు తెరుస్తోంది. పొద్దుటి నుంచి మా ఇంట్లో జరుగుతున్నది ఇదే.

"అత్తయ్యా, మళ్ళీ మూశారా?"

"పసిగుడ్డే! చలిగాలి కొడితే జలుబు గుండెల్లోకి దిగిపోద్ది."

"చలికి దాన్ని దుప్పట్లో చుట్టాను కదండీ. గాలి జలుబు తేదు. మొన్న ముద్దుపెట్టుకుందే ఆవిడ, ఆవిడ తెచ్చింది."

"ఆవిడ పోయిందిగా. గాలి ఇక్కడే ఉంది."

"నా బాధా అదేనండీ. ఆవిడ దగ్గిన గాలి, ఇప్పుడు పాప తుమ్మిన గాలి, అంతా ఇక్కడే ఉంది. బయటికి పోనివ్వండి దాన్ని."

ఇంత చదువుకున్న పిల్ల ఒక్కమాట పడనియ్యదు. చివరికి విసుగొచ్చి అడిగింది, సముద్రం మీద బతికే మనుషులు, మీకు గాలంటే అంత భయం ఏమిటండీ అని. చెబుతాను కాగితం తెచ్చుకో అన్నాను. కిటికీ తెరిచి ఉంచితేనే రాస్తానంది. సరే, ఒక రెక్క. ఒక రెక్క తెరిచి ఉంచి చెబుతున్నాను. నా చూపంతా ఆ రెక్క మీదే ఉంది.

మాది నాగాయలంక దాటిన తర్వాత, కృష్ణ సముద్రంలో కలిసే దగ్గర ఒక పల్లె. నా చిన్నతనంలో అన్నీ తాటాకు పాకలే. పాకకి తలుపు ఉండదు, తాటాకుతో అల్లిన తడిక ఉంటుంది. దాన్ని పక్కకి జరిపితే ఇల్లు తెరిచినట్టు, మళ్ళీ జరిపితే మూసినట్టు. నిజానికి ఆ పాక ఎప్పుడూ మూసి ఉండేది కాదు. గాలి తాటాకుల్లోంచి ఒకవైపు వచ్చి రెండోవైపు పోయేది. పడుకుని వింటుంటే ఇల్లే ఊపిరి పీలుస్తున్నట్టు ఉండేది. ఎండు నెత్తళ్ళ చేపల వాసన, తడి వలల వాసన, మా నాయనమ్మ చుట్ట కంపు, ఏదీ లోపల నిలిచేది కాదు. దగ్గులూ జలుబులూ మాకు లేవని కాదు. వచ్చేవి, ఒకళ్ళిద్దరిని పట్టుకుని పోయేవి.

తర్వాత ఉప్పెన వచ్చింది. దాని సంగతి మా వైపు వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకి చెప్పినా తెలియదు. మా నాన్ననీ, నా తమ్ముణ్ణీ నీళ్ళు తీసుకుపోయాయి. అమ్మ కడుపుతో ఉంది. అమ్మ, నాయనమ్మ, నేను మిగిలాం. అంత సముద్రం ఊరి మీదికి వస్తే ఏ తలుపు ఆపుతుంది? కానీ మా అమ్మ మనసులో ఒక్కటే మాట దిగబడిపోయింది, తడిక బదులు తలుపుండుంటే అని. వంట చేస్తూ అనేది, వల బాగుచేస్తూ అనేది. ఎవరితోనూ కాదు, తనలో తను. "తడిక బదులు తలుపుండుంటే." మళ్ళీ పనిలో పడేది.

ఆ తర్వాత మాకు స్లాబు ఇళ్ళు కట్టించి ఇచ్చారు. వరసగా, అన్నీ ఒకేలా. ఒక్క గది, మూల పొయ్యి, గుప్పెడంత కిటికీలు రెండు, ఒక తలుపు. ఆ తలుపు చూసి మా అమ్మ నిలబడిపోయింది. అరచేత్తో తట్టి చూసింది. ఇనప గడియ ముందుకీ వెనక్కీ లాగి చూసింది. అందరూ గడపకి పసుపు రాసి బొట్టు పెడతారు, మా అమ్మ గడియకి కూడా పెట్టేది. శుక్రవారం దేవుడి పటం ఒకసారి మరిచిపోయిందేమో గాని గడియని మరిచిపోలేదు.

ఇక అప్పటినుంచి మా ఇంట్లో గాలికి చోటు లేదు. ఆకాశం కాస్త మసకేసినా, తూర్పు నుంచి గాలి తిరిగినా అమ్మ ముక్కు పైకెత్తి వాసన చూసేది, ఆ వెంటనే కిటికీలు మూసేది. చాలదు. పాత చీర పేలికలు చింపి, వల అల్లే వెదురు పుల్లతో తలుపు సందుల్లోకీ కిటికీ చెక్కల మధ్యకీ కుక్కేది. గడప కింద గోనెసంచి మడిచి పెట్టేది. వల చిరుగు ఎంత శ్రద్ధగా పూడ్చేదో ఆ సందుల్నీ అంత శ్రద్ధగా పూడ్చేది. లోపల పొయ్యి పొగ, కిరసనాయిలు బుడ్డి పొగ. పొద్దున లేచి ముక్కు చీదితే నల్లగా మసి వచ్చేది. ఒక్క మా అమ్మే అనుకునేరు, వరసలో సగం ఇళ్ళు అంతే. గాలికి అన్నీ పోగొట్టుకున్న మనుషులం, గాలి అంటే దొంగ. వాన కాలం, మంచు కాలం వచ్చిందంటే వరస మొత్తం మూసిపెట్టిన కుండల్లా ఉండేది. ఒక ఇంట్లో దగ్గు మొదలైతే ఆ ఇంట్లో ఉన్నవాళ్ళందరూ దగ్గాల్సిందే. చలిగాలి సోకింది అనేవాళ్ళు, మిగిలిన సందులు కూడా పూడ్చేవాళ్ళు.

నాయనమ్మ ఒక్కతే మూసిన ఇంట్లో ఉండేది కాదు. వానలో కూడా చూరు కింద కూర్చుని చుట్ట కాల్చేది. అత్తాకోడళ్ళకి రోజూ దీని మీదే గొడవ.

"ఏమే, చేపని గాలికి ఎండేత్తావా, గదిలో పెట్టి తలుపేత్తావా?"

"పిల్లలు చేపలేంటత్తా!"

"చేప కన్నా పిల్ల ముద్దనుకుంటే గాలాడనియ్యి మరి."

"నువ్వా చుట్ట ఆర్పి లోపలికి రా. నీ ముద్దులు తర్వాత."

ఉండు సునీతా. పాప దగ్గిందా? కాదా? సరే. నాకు వినిపించినట్టయింది.

నాన్న పోయాక పుట్టిన పిల్ల నా చెల్లెలు చిట్టి. ఇప్పుడు మన పాప ఉన్నంతే ఉంది అప్పటికి. ఉప్పెన తర్వాత మొదటి వాయుగుండం పట్టింది. గాలి ఎక్కువ లేదు, ఎడతెగని ముసురు. అయినా ఊళ్ళో అందరికీ ఉప్పెనే గుర్తొచ్చింది. మా అమ్మ పూడ్చిన తలుపు మీద వరసలో అందరికీ నమ్మకం. పక్కింటివాళ్ళూ ఆ పక్కింటివాళ్ళూ పిల్లల్ని చంకనేసుకుని మా గదిలోకి వచ్చేశారు. కాళ్ళు చాపుకునే చోటు లేదు. తడిబట్టల ఆవిరి, చంటిపిల్లల ఉచ్చ వాసన, పొయ్యి మీద ఉలవచారు, వాము వేయించిన ఘాటు. పక్కింటి పిల్ల ఒకతె అప్పటికే దగ్గుతోంది. దాని పక్కనే చిట్టి. ముసురు వదల్లేదు, తలుపు తియ్యలేదు. ముందు నేను దగ్గాను, తర్వాత వరసగా పిల్లలందరూ. పెద్దవాళ్ళు ఓర్చుకున్నారు. చిట్టి ఓర్చుకోలేకపోయింది. ముందు పాలు మానేసింది. తర్వాత పిల్లికూతలు. తర్వాత డొక్కలు ఎగరెయ్యడం మొదలుపెట్టింది. పక్కటెముకల కింద చర్మం లోపలికి పోతుంటే ఎలా ఉంటుందో అప్పుడే చూశాను. ఇప్పటికీ ఏ పసిపిల్లని ఎత్తుకున్నా నా చెయ్యి ముందు డొక్క మీదికే పోతుంది. మా కోడలు నవ్వుతుంది, ఏంటత్తయ్యా దాన్ని కోడిపిల్లలా తడుముతారు అని.

అవనిగడ్డ ఆస్పత్రికి తీసుకుపోదామంటే బాట మీద నీళ్ళు. పడవవాడు ముసురు తగ్గాలన్నాడు. అమ్మ వాము మూటతో చిట్టి గుండెలకి కాపడం పెడుతూనే ఉంది. నాయనమ్మ చూసి చూసి లేచింది. అమ్మ చేతుల్లోంచి పిల్లని లాక్కుంది. తన పాత చీర నాలుగు మడతలు వేసి చుట్టింది. కాలితో గోనె తన్నేసి గడియ లాగింది.

అమ్మ అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "సంపేత్తావా! ఉన్న ఒక్కదాన్నీ సంపేత్తావా!" అప్పటికి నేనూ ఉన్నానని ఆవిడకి గుర్తులేదు. నాకేం కోపం రాలేదు.

నాయనమ్మ గడప మీద అడ్డంగా కూర్చుంది. వీపు బయటికి, మొహం లోపలికి. పిల్ల ఒళ్ళో. జల్లంతా ఆవిడ వీపు మీద పడుతోంది, గాలి ఆవిడకి కొట్టుకుని రెండు పక్కలనుంచీ చీలి లోపలికి వస్తోంది. పిల్ల మీద చినుకు పడటం లేదు. గదిలోని కంపూ పొగా ఆవిడ తల మీదుగా బయటికి పోవడం కంటికి కనిపించింది. నిజంగా కనిపించింది, పొయ్యి పొగ అటు తిరిగింది. "ఆ కిటికీ కూడా తీయండర్రా" అంది. ఎవరూ లేవలేదు. నేను లేచి పేలికలు పీకాను. అమ్మ నాయనమ్మ పక్కనే కూలబడి తలుపు రెక్క పట్టుకుంది. గాలికి కొట్టుకోకుండా పట్టుకుందని అందరూ అనుకున్నారు. నేను చూశాను, ఆవిడ చెయ్యి గడియ మీద ఉంది. బిగించి పట్టుకుంది. ముసురు తెరిపిచ్చేదాకా ఆ చెయ్యి గడియ మీద నుంచి తియ్యలేదు.

చిట్టి బతికింది. ఇప్పుడు పామర్రులో బట్టల కొట్టు పెట్టుకుంది, దానికీ మనవలు. తెరిపి ఇచ్చాక పడవలో అవనిగడ్డ తీసుకుపోతే సూదిమందు ఇచ్చారు. సూదిమందుకి బతికింది అని అమ్మ చచ్చేదాకా అంది. గాలికి బతికింది అని నాయనమ్మ చచ్చేదాకా అంది. నాకు తెలియదు. కొన్నాళ్ళపాటు వాళ్ళిద్దరూ నన్ను మధ్యలో కూర్చోబెట్టి, నువ్వు చెప్పవే అనేవాళ్ళు. ఎవరి పక్కన పడుకుంటే వాళ్ళ మాట చెప్పేదాన్ని.

నాకు పెళ్ళయి బందరు వచ్చాను. అమ్మ పెద్దదయ్యాక నా దగ్గరికి వచ్చేసింది. ఇక్కడ మా ఇంటికి కిటికీలు పెద్దవి, అయినా అమ్మ తన అలవాటు మానలేదు, నాకూ అంటించింది. ఆ మాయరోగం దేశమంతా పాకినప్పుడు ఎండాకాలం వస్తోందని సంతోషించాం. బందరు ఎండకి పురుగు బతుకుతుందా అన్నారు అందరూ. నా పెనిమిటి కూడా అన్నాడు. ఎండాకాలమంటే మా వాళ్ళకి వేట నిషేధం, పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. పనిలేని మగాళ్ళు, నెత్తి మాడే ఎండ. రేవు దగ్గర ఒక షెడ్డులో ఎవరో చల్లటి మిషను పెట్టించారు. ఆ చల్లదనం పోకుండా తలుపులు బిగించుకుని అందులో పేకాట. బయట ఎండలో కాకి కూడా లేదు, లోపల నలభైమంది ఒకే గాలి పీల్చుకుంటూ కూర్చున్నారు. "ఎండలో తిరిగితే వడదెబ్బ కొడద్దే, చల్లగా ఉంటంది, నీకేంటి" అని వెళ్ళేవాడు. ఎండ పురుగుని చంపుతుందో లేదో గాని మనుషుల్ని మాత్రం తరిమి ఒక్క గదిలోకి తోసింది. చలీ వానా చేసే పనే ఎండ కూడా చేసింది. ఆయన అక్కడినుంచే తెచ్చుకున్నాడు. ఆస్పత్రికి తీసుకుపోయేటప్పుడు అంబులెన్సు అద్దంలోంచి చెయ్యి ఊపాడు. అంతే.

ఆ వచ్చిన మంచు కాలంలోనే అమ్మకి పట్టుకుంది. సునీత అప్పుడు కొత్తగా కాపురానికి వచ్చింది. మూతికి గుడ్డ కట్టుకుని మంచాన్ని కిటికీ దగ్గరికి జరిపింది, తలుపు తీసి ఇటుక పెట్టింది, మూస్తే ఊరుకోనంది. మంచు రోజుల్లో, చలిలో మన నోటి తుంపర్లు చాలాసేపు తేలుతూ ఉంటాయట. గాలి కదలని గదిలో అగరొత్తి పొగలా నిలబడిపోతాయట. బయట ఎండకీ గాలికీ తొందరగా చెదిరిపోతాయట. నాకు అర్థమైంది అంతే. ఆస్పత్రికి పోదామంటే అమ్మ మంచం పట్టె పట్టుకుని వదల్లేదు. డాక్టరు ఇంటికే వచ్చి మందులు రాశాడు, వయసు మించిపోయింది అన్నాడు. తలుపెయ్యవే అని అమ్మ అడుగుతూనే ఉంది. ఏసే ఉందమ్మా అని నేను చెబుతూనే ఉన్నాను. అలా పోయింది.

ఇప్పుడు నువ్వే చెప్పు సునీతా అని రాత మధ్యలో ఆపి అడిగాను. మూసిన గదిలో కూర్చున్నందుకు ఆయన పోయాడు. అమ్మకి తలుపు తీసే ఉంచాం, అమ్మా పోయింది. మరి నేను దేన్ని నమ్మాలి? ఈ పసిదాన్ని ఒళ్ళో పెట్టుకుని కిటికీ తియ్యనా, ముయ్యనా?

కలం కింద పెట్టింది.

"తీస్తే ఎవరూ పోరని నేనన్నానా అత్తయ్యా? అమ్మమ్మగారికి అప్పటికే లోపలికి దిగిపోయింది. ఆవిడ మంచం పక్కన ఎంతమందిమి ఉన్నాం? మీరు, మీ అబ్బాయి, నేను. ఆవిడ నోట్లో నీళ్ళు పోసింది మీరే. మనలో ఒక్కరికి అంటుకుందా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"లేదుగా. మూతికి కట్టుకున్నాం, తలుపు తీసి ఉంచాం. అన్నీ దానివల్లే అని నేను ఒట్టేసి చెప్పలేను. కానీ మూసుంటే ఆ గదిలోంచి మనం ముగ్గురం బాగా బయటికొచ్చేవాళ్ళమని కూడా చెప్పలేను. అమ్మమ్మగారికి మీరు చెప్పిన అబద్ధంలోనే మనం బతికాం."

ఇన్నాళ్ళూ ఆ మాట నాకెవరూ చెప్పలేదు, నాకూ తట్టలేదు. పోయిన మనిషినే చూశాను గాని మిగిలినవాళ్ళని లెక్కపెట్టుకోలేదు. భయం పోయిందా అంటే పోలేదు. గాలి ఇప్పుడు హోరెత్తుతోంది, పెరట్లో రేకు కొట్టుకుంటోంది. ఆ చప్పుడు వినగానే నా కాళ్ళు వాటంతట అవే కిటికీ వైపు పోతున్నాయి. పాప డొక్కల మీద చెయ్యి వేసి చూశాను. లోపలికి పోవడం లేదు. నీలా నర్సుని కాదు గాని నా చేతికి తెలుసు. డొక్కలు ఎగరేసినా, పాలు మానేసినా వాయుగుండమైనా సరే ఆటో కట్టించుకుని ఆస్పత్రికి పోదామని ఇద్దరం అనుకున్నాం. ఈ సంగతి కూడా రాయి.

పాపని ఇలా ఇవ్వు. ఆ ఉన్ని దుప్పటి కూడా ఇవ్వు. ఆ రెండో రెక్క కూడా తీసెయ్యి, నేను చూడను. నా మంచాన్ని కిటికీ ముందుకి లాగు, ఇంకొంచెం. ఊఁ, చాలు. నా వీపు వెడల్పుగానే ఉందిలే, మా నాయనమ్మ పోలిక. జల్లు నా మీద పడితే పడనీ. దానికి మాత్రం తగలదు.

ఇప్పుడు మొదటినుంచీ చదివి వినిపించు. మెల్లగా చదువు, మధ్యలో దీని ఊపిరి నాకు వినిపించాలి. అమ్మ తలుపెయ్యమన్న దగ్గర మొదలుపెట్టు. నేను కదలను.